ఒక్క గిన్నె, ఒక్క తిండి

రాత్రి మూడు దాటింది. ఘజియాబాద్ ఇందిరాపురంలో ఆరో అంతస్తు. జూన్ నెల, ఈ వేళకి కూడా వేడి 30 డిగ్రీలకు దిగలేదు. తలుపు మీద గోళ్ల చప్పుడు. చిన్నూ, మీ జర్మన్ షెపర్డ్. లేవండి. గొలుసు అందుకోండి. లిఫ్ట్ వచ్చేదాకా వాడు ఆగేలా లేడు.

పార్కింగ్ దాటగానే వంగుతాడు. ముక్కుతాడు. కొంచెమే పడుతుంది. రెండడుగులేసి మళ్లీ వంగుతాడు. ఫోన్ లైటు వేసి చూడండి, అసహ్యించుకోకండి, రేపు డాక్టరు అడగబోయేది దీని గురించే. పల్చగా ఉంది. పైన తెల్లటి జిగురు. అందులో ఎర్రటి చార.

రక్తం.

పై పెదవి ఎత్తండి. చిగురు మీద వేలితో నొక్కి వదలండి. తెల్లబడింది. ఒకటి. రెండు. ఎరుపు తిరిగొచ్చింది. చిగురు తడిగానే ఉంది. భుజాల మధ్య చర్మం పైకి లాగి వదలండి. వెంటనే సర్దుకుంది. వాంతి లేదు. తోక ఊపుతున్నాడు. తెల్లారేదాకా ఆగొచ్చు. చిగుళ్లు పాలిపోయినా, విరేచనం తారులా నల్లగా ఉన్నా, తాగిన నీళ్లు కూడా కక్కేస్తున్నా ఈ క్షణమే కారు తీయాల్సిందే.

పైకి వచ్చాక చెయ్యి అల్మారా వైపు వెళుతుంది. అక్కడ సగం వాడిన మెట్రోనిడజోల్ మాత్రలు. కిందటిసారి వాటితో విరేచనం రెండు రోజుల్లో కట్టింది, ఆపగానే తిరగబెట్టింది. అంతకుముందూ అంతే. మీరే వేసేయాలా, డాక్టరు దాకా ఆగాలా? వేయకండి. ఆ మాత్ర పేగులో మేలు చేసే బ్యాక్టీరియానీ చంపుతుంది, అవి కోలుకోవడానికి వారాలు పట్టొచ్చు. అల్మారా మూసేయండి. వాడి విరేచనం చిన్న డబ్బాలోకి తీసి ఉంచండి.

పొద్దున డాక్టరు బల్ల ముందు నిలబడ్డారు. మాటిమాటికీ కొంచెం కొంచెం, జిగురు, ఎర్రటి రక్తం, ముక్కడం అంటే తేడా పెద్దపేగులో అంటారామె. ఒక్కోసారి బోలెడు పడి, ఒళ్లు తగ్గిపోతుంటే చిన్నపేగు. తూకం మీద ఎక్కిస్తే చిన్నూ తగ్గాడు కూడా, అంటే రెండూ ఉండొచ్చు. మూడు వారాలు దాటిన విరేచనాలను అజీర్తి అని వదిలేయకూడదు. మలంలో పురుగుల కోసం, జియార్డియా కోసం పరీక్ష. రక్తంలో ఆల్బుమిన్ అనే మాంసకృత్తు, బి12. ఈ జాతిలో క్లోమం జీర్ణరసాలు సరిగ్గా ఇవ్వని జబ్బు కనిపిస్తుంటుంది కాబట్టి దానికీ ఒకటి. ఆల్బుమిన్ బాగా పడిపోతే ప్రాణం మీదికి వస్తుంది. ఫలితాలు వచ్చేదాకా మీకు ముద్ద దిగదు.

ఆల్బుమిన్ బాగానే ఉంది. పురుగులు లేవు. ఇక స్టెరాయిడ్లా? ఆమె తల అడ్డంగా ఊపుతారు. ఇలాంటి కుక్కల్లో సగానికి పైగా తిండి మారిస్తేనే కుదుటపడతాయి. మారితే సాధారణంగా రెండు వారాల్లోపే తెలుస్తుంది.

దారులు రెండు. మాంసకృత్తులను ఒంటి రక్షణ వ్యవస్థ గుర్తుపట్టనంత చిన్న ముక్కలుగా విరగ్గొట్టిన హైడ్రోలైజ్డ్ తిండి, ఖరీదైన సంచి. లేదా వాడు పుట్టాక ఎప్పుడూ తినని మాంసం. చిన్నూ తిననిది ఏముంది? కోడి, గుడ్డు, పాలు, రొట్టె అన్నీ అయ్యాయి. ఢిల్లీ ఐఎన్ఏ మార్కెట్‌లో బాతు దొరుకుతుంది. కానీ కోడీ బాతూ పక్షులే, ఒకటి పడని ఒంటికి రెండోదీ పడకపోవచ్చు. చేప తీసుకోండి, ముల్లు లేని ముక్కలు. బంగాళాదుంపతో ఉడికించండి. ఉప్పు వద్దు. ఉల్లి, వెల్లుల్లి అసలే వద్దు, కుక్కలకు అవి విషం. ఇదే తిండి నెలల తరబడి పెట్టాలంటే కాల్షియం చాలదు, ఏం కలపాలో డాక్టరును అడిగి రాసుకోండి. పాత తిండిలో కొంచెం కొంచెంగా కలుపుతూ వారంలో పూర్తిగా మార్చండి.

అసలు కష్టం వంటలో లేదు, ఇంట్లో ఉంది. విజయవాడ నుంచి వచ్చిన అమ్మ పెరుగన్నం గిన్నెతో నిలబడుతుంది. "పాపం మూగజీవం, ఒక్క ముద్ద పెడితే ఏమవుతుంది?" గేటు దగ్గర గార్డు భయ్యా జేబులో బిస్కెట్లు. నెలనెలా వేసే పిడుదుల మాత్రలో కూడా మాంసం రుచి ఉండొచ్చు, దానికి బదులు మెడ మీద వేసే చుక్కల మందు అడగండి. ఆ ఒక్క ముద్దతో ఇన్నాళ్ల పరీక్షా చెడిపోతుంది. అమ్మను పక్కన కూర్చోబెట్టుకుని చెప్పండి. ఆవిడ ప్రేమను తప్పుపట్టకండి, చేప గిన్నె ఆవిడ చేతికే ఇవ్వండి.

సాయంత్రం నడక. తందూరీ బండి పక్క నుంచి వెళుతున్నారు. చిన్నూ తల దించాడు. పళ్ల మధ్య తెల్లగా ఏదో. ఎముక. కోడి ఎముక. ఉడికింది, చీలుతుంది. పేగుకు గుచ్చుకుంటుంది. అరవకండి. లాగకండి. లాగితే మింగేస్తాడు. జేబులో చేప ముక్క. ముక్కు దగ్గర పెట్టండి. "వదులు." చూస్తున్నాడు. దవడ బిగిసింది. "వదులు, చిన్నూ." ఎముక కింద పడింది. కాలితో తన్నేయండి. చేప ఇవ్వండి. నడవండి.

రెండో వారం చివర్లో వాడు రాత్రంతా నిద్రపోతాడు. డాక్టరు ఇచ్చిన పట్టికలో మలానికి 1 నుంచి 7 దాకా అంకెలు, 1 గట్టి ఉండలు, 7 నీళ్లు. 6 దగ్గర మొదలుపెట్టారు, ఇప్పుడు 3. గెంతాలనిపిస్తుంది. కానీ చాలామంది ఇక్కడే ఆపేస్తారు, మీరు ఆపకండి. ఇంకో రెండు నెలలు.

ఆ తర్వాత డాక్టరు అడుగుతారు, పాత తిండిలో ఒకటి తిరిగి పెట్టి చూద్దామా? మళ్లీ మొదలైతే దోషి దొరికినట్టు. మొదలవకపోతే వాడి గిన్నెలోకి ఇంకో తిండి తిరిగి వస్తుంది. భయంగానే ఉంది. అయినా తెలుసుకోకుండా జీవితాంతం చేపకే కట్టేయడం వాడికి అన్యాయం. ఉడికించిన కోడి ముక్క ఒక్కటి, చర్మం తీసి పెట్టండి. క్యాలెండర్‌లో ఈ తేదీ చుట్టూ గీత గీయండి. రెండు వారాలు ఇంకేదీ కొత్తగా పెట్టొద్దని అమ్మకు, గార్డు భయ్యాకు ఈ రోజే చెప్పండి.