సంతకానికి ముందు ఒక మాట

“ఇక్కడ సంతకం పెట్టు” అని ఇంటాయన కాగితం చాపితే, చదవకుండానే పెట్టిన రోజులు మనలో చాలామందికి ఉన్నాయి కదూ? పెద్ద కంపెనీల బోర్డుల్లోనూ ఈ తంతు జరిగింది.

1977లో అమెరికా సామాజిక శాస్త్రవేత్త రోజబెత్ మోస్ కాంటర్ ఒక సంగతి వివరించారు. పదిమంది మగవాళ్ల మధ్య ఒంటరి స్త్రీని మనిషిగా కాక, ఆడజాతికి ఒక నమూనాగా చూస్తారట.

2009లో రెనే ఆడమ్స్, డానియల్ ఫెరీరా అనే పరిశోధకులు అమెరికా కంపెనీలను పరిశీలించారు. మహిళా డైరెక్టర్లు సమావేశాలకు మగవారికన్నా క్రమంగా వచ్చారు. వాళ్లు ఎక్కువగా ఉన్నచోట మగవాళ్ల డుమ్మాలూ తగ్గాయి! అయితే, అంతమాత్రాన లాభాలు పెరుగుతాయని ఆ పరిశోధన చెప్పలేదు.

మన 2013 కంపెనీల చట్టం లిస్టెడ్ కంపెనీల బోర్డుల్లో కనీసం ఒక మహిళ ఉండాలన్నది. కొన్ని కంపెనీలు యజమాని భార్యనో, కూతురినో కూర్చోబెట్టి సరిపెట్టేశాయి. అందుకే సెబీ 2019 ఏప్రిల్ నుంచి 500 పెద్ద కంపెనీల్లో, యజమాని కుటుంబానికి చెందని మహిళా డైరెక్టరు ఉండి తీరాలన్నది.

డైరెక్టరు సంతకానికి చట్టరీత్యా బాధ్యత ఉంటుంది. రేపు మీ పేరు వేస్తామంటే సంతోషించండి. కానీ ముందు లెక్కల పుస్తకం చూపించమని అడగండి. అడగడానికి మొహమాటమెందుకు చెప్పండి?