మొద్దు తీసిన జాగ ఎవరిది?

రెవెన్యూ రికార్డుల్లో భూమి ఎవరి పేరు మీద ఉందో దొరుకుతుంది. ఆ భూమి మీద కూచుని ఏ ఆడమనిషి ఎన్నేళ్లు పని చేసిందో దొరకదు. స్త్రీశక్తి సంఘటన 1986లో ‘మనకు తెలియని మన చరిత్ర’ తెచ్చినప్పుడు, తెలంగాణ సాయుధ పోరాటంలో పాల్గొన్న స్త్రీల మాటలే చరిత్రకు ఆధారాలయ్యాయి. పోరాటాల చరిత్రను అలా వెతుక్కున్న మనం ఇంటి పెరటి చరిత్రను కూడా వెతుక్కోవాలి. అక్కడ ఆధారం ఒక్కోసారి ఒక చెట్టు మొద్దు.

కోరుట్లలో మా అమ్మ తల్లిగారింటి వెనక ఒక చింతచెట్టు ఉండేది. భర్త పోయాక తిరిగొచ్చిన మా పెద్దమ్మ ఆ నీడలోనే చేట ఒళ్లో పెట్టుకుని ముప్ఫై ఏళ్లు బీడీలు చేసింది. తునికాకు ఎండితే విరిగిపోతుంది. తడిబట్టలో చుట్టి పెట్టుకోవాలి, కత్తిరించాలి, తంబాకు పోసి చుట్టాలి, దారం కట్టాలి. కూలి వెయ్యి బీడీల లెక్కన. కోరుట్ల, జగిత్యాల, సిరిసిల్లల్లో వేల ఇళ్ల వాకిళ్లు ఇట్లాంటి కార్ఖానాలే.

1966 నాటి బీడీ కార్మికుల చట్టం, ముడిసరుకు తెచ్చుకుని ఇంట్లో బీడీలు చేసే మనిషిని కూడా ఉద్యోగిగా గుర్తించింది. అంటే ఆ చెట్టు కింద కూచున్న పెద్దమ్మ చట్టం దృష్టిలో కార్మికురాలు. మరి ఆ చెట్టున్న జాగలో ఆమె ఎవరు?

1956 నాటి హిందూ వారసత్వ చట్టం, వీలునామా రాయకుండా పోయిన తండ్రి స్వార్జితంలో కూతురికి కొడుకుతో సమానంగా వాటా ఇచ్చింది. కానీ అదే చట్టంలోని 23వ సెక్షన్, కుటుంబం కాపురముంటున్న ఇంటిని మగ వారసులు పంచుకోవాలని అనుకునేదాకా ఆడవాళ్లు పంపకం అడగకూడదంది. పెళ్లికాని, భర్త వదిలేసిన, భర్త పోయిన కూతుళ్లకు మాత్రం ఆ ఇంట్లో ఉండే హక్కు ఇచ్చింది. పెద్దమ్మ ఉండవచ్చు, అడగకూడదు. కాపురానికి వెళ్లిన మా అమ్మకు ఉండే హక్కూ లేదు.

ఉమ్మడి ఆస్తి సంగతి వేరు. ఆంధ్రప్రదేశ్ 1986లో చట్టం చేసి, 1985 సెప్టెంబరు 5 నుంచి అందులో కూతుళ్లకూ జన్మతః హక్కిచ్చింది. అంతకుముందే పెళ్లయిన వాళ్లను మాత్రం బయటే ఉంచింది. 2005 కేంద్ర సవరణ ఆ తేడాను తీసేసింది, 23వ సెక్షన్‌ను కూడా తొలగించింది. పెద్దమ్మ అయినా అడగలేదు. అన్నదమ్ముల ఇంట్లో ఉంటూ వాటా అడిగితే బువ్వ పెట్టిన చెయ్యిని కాదన్నట్టవుతుందని ఆమె భయం. ఆ బువ్వలో తన బీడీల పైసలు ఎన్ని కలిశాయో ఎవరూ లెక్క రాయలేదు.

చెట్టు కొట్టాక మొద్దు చాలా ఏళ్లు అట్లాగే ఉంది. చింత మొండి చెట్టు, మొద్దు నుంచి మళ్లీ చిగురేస్తుంది. కిందటి ఎండాకాలం మామయ్యలు జాగ పంచుకోబోతే మొద్దు హద్దు మీదికి వచ్చింది. చుట్టూ గాడి తవ్వి, పక్క వేళ్లను గొడ్డలితో నరికారు. తల్లివేరు మాత్రం గడ్డపారకు లొంగలేదు, జేసీబీ తేవాల్సి వచ్చింది. ఆ వారమే పెద్దమ్మ ముందు హక్కు విడుదల పత్రం పెట్టారు. ఆమె అడిగింది ఒక్కటే: “నాకేం లేకుంటే నా సంతకమెందుకురా?” ఆ సంతకం ఇంకా పడలేదు.

పెద్దమ్మ ప్రశ్న పరిశోధకులకు దారి చూపుతుందని నా నమ్మకం. స్త్రీలకు ఆస్తి లేదని రాయడం సులువు. సబ్ రిజిస్ట్రార్ ఆఫీసుల్లో అక్కచెల్లెళ్లు వేలిముద్రలు వేసి, సంతకాలు పెట్టి వదులుకున్న హక్కుల పత్రాలను మనం స్త్రీల చరిత్రగా ఇంకా చదవలేదు. వాటిలో ‘ప్రేమాభిమానాలతో’ అన్న మాట వెనక ఏ భయం ఉందో, ఏ శ్రమ ఉందో అడగాలి. లేని హక్కును ఎవరూ రాయించుకోరు. అలాంటి ప్రతి పత్రమూ ఆ జాగలో ఆమెకు వాటా ఉండేదని చెప్పే సాక్ష్యమే.