పని జరిగే చోటు

2011 వేసవిలో, శాన్ ఫ్రాన్సిస్కోలోని మాస్కోనీ సెంటర్ వేదికగా, నెల తిరగకుండానే రెండు ప్రకటనలు వెలువడ్డాయి. సర్వం బ్రౌజర్‌లోనే సాగే క్రోమ్‌బుక్ జూన్‌లో విక్రయానికి వస్తుందని గూగుల్ మే 11న వెల్లడించింది. జూన్ 6న, వైద్య సెలవులో ఉండి కూడా వేదికనెక్కిన ఆపిల్ అధిపతి స్టీవ్ జాబ్స్ ఐక్లౌడ్‌ను పరిచయం చేశారు. ఉభయులూ క్లౌడ్ అన్న ఒకే మాటను ఆశ్రయించినా, అది మనిషి పనిచేసుకునే స్థలమా, లేక అతని పరికరాల మధ్య అదృశ్యంగా తిరిగే వాహకమా అన్న చోట వారి దారులు చీలిపోయాయి.

ఈ చీలికకు మూలాలు పాతవి. 1960లలో అనేకులు టెర్మినళ్ల ముందు కూర్చుని ఒకే కేంద్ర కంప్యూటర్‌ను పంచుకునేవారు. ఆ పరాధీనత నుంచి విముక్తిగా పర్సనల్ కంప్యూటర్ అవతరించింది, 1976లో పుట్టిన ఆపిల్ ఆ విముక్తికి వారసురాలు. 1990ల నడుమ ఒరాకిల్ అధిపతి లారీ ఎల్లిసన్ నెట్‌వర్క్ కంప్యూటర్ పేరిట కేంద్రాన్ని పునఃప్రతిష్ఠించబోయారు గాని, మందకొడి కనెక్షన్లు, నానాటికీ దిగివస్తున్న పీసీ ధరలు ఆ యత్నాన్ని సాగనివ్వలేదు. ఊహ తప్పు కాదు, కాలం పక్వానికి రాలేదు.

వెబ్‌లోనే కళ్లు తెరిచిన గూగుల్, 2004 ఏప్రిల్ 1న ఒక గిగాబైట్ నిల్వతో జీమెయిల్‌నూ, 2006లో రైట్లీ అనే వెబ్ రచనా సాధనాన్ని కొని ఆ పునాదిపై డాక్స్‌నూ నిర్మించింది. ఒకే పత్రంలో ఇద్దరు రాస్తుండగా ఒకరి కర్సర్ పక్కన మరొకరి కర్సర్ వేరే రంగులో కదలడం చూసినవారికి, ఫైలును ఈమెయిల్‌లో అటూ ఇటూ పంపుకునే రోజులు ముగిశాయని వేరే చెప్పనక్కరలేకపోయింది. ఆపిల్ అనుభవం చేదుది: ఏడాదికి 99 డాలర్ల చందాతో 2008 జూలైలో మొదలైన మొబైల్‌మీ, ఆరంభంలోనే అంతరాయాల పాలై అప్రతిష్ఠ మూటగట్టుకుంది. ఐక్లౌడ్ ఆ పాఠం నుంచి పుట్టింది. ఫోన్‌లో తీసిన ఫొటో, ఎవరూ ఏ బటనూ నొక్కకుండానే, ఐప్యాడ్‌లో ప్రత్యక్షమయ్యేది.

ఈ భేదాన్ని కేవలం సిద్ధాంతభేదంగా చూడడం సరికాదు. పరికరాల విక్రయం మీద బతికే సంస్థకు పరికరమే ఇల్లు కావడం, ప్రకటనల ఆదాయం మీద బతికే సంస్థకు ఎవరి యంత్రమైనా ఒకటే కావడం సహజం. అయినా వాడేవారి అవసరం ఇద్దరినీ వంచింది. 2012 ఏప్రిల్‌లో గూగుల్ డ్రైవ్ కంప్యూటర్‌లోనే ఒక ఫోల్డరై వచ్చింది. 2013లో ఆపిల్ తన ఐవర్క్ ఆఫీసు యాప్‌లను బ్రౌజర్‌లోకి తెచ్చింది.

పరికరానికి పెద్దపీట వేసినందుకు చెల్లించవలసిన మూల్యం ఒకసారి మన లిపి ద్వారానే వెల్లడైంది. 2018 ఫిబ్రవరిలో, ‘జ్ఞా’ అనే సంయుక్తాక్షరానికి చెందిన ఒక యూనికోడ్ వరుస ఐఫోన్ తెరపై కనిపించబోతే చాలు, దాన్ని చూపే యాప్ కుప్పకూలేది. తెలుగు ఒక్క ముక్క రానివారి ఫోన్లూ అందుకు మినహాయింపు కాలేదు. సర్వర్‌లోని దోషమైతే ఒకచోట దిద్దితే అందరికీ దిద్దినట్టే. ఇది అక్షరాన్ని చిత్రించే పరికరంలోని దోషం. ఐఓఎస్ 11.2.6 ఆ నెలలోనే విడుదలైనా, ఎవరి ఫోన్‌లో వారు దాన్ని దించుకునేదాకా ఆ అక్షరం ఆకతాయిల చేతిలో ఆయుధంగానే మిగిలింది.