వార్డులో నేర్చుకునే చదువు

దేశంలో సోషల్ వర్క్‌ను వృత్తివిద్యగా నేర్పిన మొదటి సంస్థ మన టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సోషల్ సైన్సెస్. 1936లో ముంబయి నాగ్‌పాడాలో మొదలైంది. సర్ దొరాబ్జీ టాటా గ్రాడ్యుయేట్ స్కూల్ ఆఫ్ సోషల్ వర్క్ అన్నది అప్పటి పేరు. తొలి డైరెక్టర్ క్లిఫర్డ్ మాన్‌షార్ట్ అప్పటికే ఆ పేటలో నైబర్‌హుడ్ హౌస్ అనే సేవా కేంద్రం నడుపుతున్నారు. దగ్గర్లోనే కామాఠీపుర, ముంబయి భవనాలకు రాళ్లెత్తిన తెలుగు కూలీల పాత వాడ. జె.జె. ఆసుపత్రి కూడా దూరం కాదు. రోగి ఇల్లూ, వైద్యం చేసే వార్డూ రెండూ విద్యార్థికి అందుబాటులో ఉండటం ఈ చదువుకు దక్కిన అదృష్టం.

మరుసటి ఏడే, 1937లో, చైల్డ్ గైడెన్స్ క్లినిక్ తెరిచారు. పిల్లల మనసుకు వచ్చిన కష్టాన్ని ఒక్క డాక్టరుకే వదిలేయకుండా ఇంటినీ బడినీ కలిపి చూడాలన్న ఆలోచన అది. ఇప్పుడు సమగ్ర వైద్యం అంటున్నది దాదాపు ఇదే. 1946లో ఆసుపత్రులకు శిక్షణ పొందిన సోషల్ వర్కర్లు కావాలని ఆరోగ్య సేవలపై ప్రభుత్వం వేసిన భోర్ కమిటీ చెప్పింది. జె.జె.లో దేశపు మొదటి మెడికల్ సోషల్ వర్కర్ చేరింది కూడా ఆ ఏడాదే. సంస్థకు ఇప్పటి పేరు 1944లో వచ్చింది. 1954లో దేవనార్‌కు తరలివెళ్లాం. 1964లో డీమ్డ్ యూనివర్సిటీ అయ్యాం.

నా మటుకు నాకు ఈ తేదీలన్నిటికన్నా ఫీల్డ్ వర్క్ ముఖ్యం. తరగతులు సాగుతుండగానే వారంలో రెండు రోజులు బయటికి పంపుతారు. చూసిందీ విన్నదీ రాసి సూపర్‌వైజర్‌కు ఇవ్వాలి. క్షయతో బాధపడే తాపీ పనివాడి గురించి ఒక విద్యార్థి 'రెండు నెలలకే మందులు మానేశాడు' అని రాశాడనుకుందాం. మంచి సూపర్‌వైజర్ దాని పక్కన 'ఎందుకు?' అని రాసి తిప్పి పంపుతారు. వెతుక్కుంటూ వెళితే తెలుస్తుంది: దగ్గు తగ్గింది, పని వేరే చోటికి మారింది, జబ్బు సంగతి మేస్త్రీకి తెలిస్తే కూలి పోతుందన్న భయం పట్టుకుంది. అప్పుడు మందుల కార్డు కొత్త చోటికి దగ్గరున్న కేంద్రానికి మార్పించాలి. భార్యతో కూర్చుని ఆరు నెలల కోర్సు ఎందుకో చెప్పాలి. పోషకాహారానికి ప్రభుత్వం ఇచ్చే నెలకు 1000 రూపాయలు ఖాతాలో పడుతున్నాయో లేదో చూడాలి. ఇదంతా మర్నాడు రౌండ్స్‌లో డాక్టరుకు రెండు నిమిషాల్లో చెప్పగలగాలి. అన్నిటికన్నా కష్టమైన విద్య ఈ చివరిదే.

ఇంత శిక్షణ పొందిన సోషల్ వర్కర్‌ను చాలా ఆసుపత్రుల్లో కాగితాల పనికి కూర్చోబెడుతున్నారు. మన తెలుగు రాష్ట్రాల్లో ఉచిత వైద్య పథకం ఆరోగ్యశ్రీ వచ్చాక ఆసుపత్రుల్లో రోగులకు దారి చూపే ఆరోగ్యమిత్రలు పేదలకు గొప్ప ఆసరా అయ్యారు. కానీ ఆపరేషన్‌కు అనుమతి వచ్చేదాకా ఒక ఎత్తు, డిశ్చార్జి తర్వాత ఇంట్లో ఎవరు చూస్తారన్నది మరో ఎత్తు. ఆ రెండోదాన్ని పట్టించుకునే మనిషి కూడా వార్డులో ఉండాలి. జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమం తన బృందంలో సైకియాట్రిక్ సోషల్ వర్కర్‌కు చోటిచ్చింది. మిగతా విభాగాలూ అలాగే ఇవ్వాలి.

నేను కోరేది ఒకటే. ఎంబీబీఎస్, నర్సింగ్ విద్యార్థుల్నీ మన సోషల్ వర్క్ విద్యార్థుల్నీ కలిపి ఒకే వార్డులో, ఒకే రోగి దగ్గర కొన్నాళ్లు నేర్చుకోనివ్వండి. ఉద్యోగంలో చేరాక ఎలాగూ కలిసి పనిచేయాల్సినవాళ్లే.