మంచాన పడ్డ పెద్దల సేవకు డబ్బు: పాలసీ ఇస్తుందా, పొదుపే దిక్కా?

ఇంట్లో పెద్దాయనకు పక్షవాతం వచ్చి వారం రోజులు ఆసుపత్రిలో ఉంటే ఆ బిల్లు హెల్త్ పాలసీ చూసుకుంటుంది. అసలు ఖర్చు డిశ్చార్జ్ తర్వాతే మొదలవుతుంది. స్నానం చేయించడానికి, పక్క మార్చడానికి మనిషి కావాలి. పైగా డైపర్లు, ఫిజియోథెరపీ, అద్దెకు తెచ్చిన మంచం. ఇది ఏళ్ల తరబడి సాగొచ్చు. పాలసీ ఉంది కదా అని చాలామంది నిశ్చింతగా ఉంటారు గానీ, ఈ ఖర్చుకు అది అక్కరకు రాదు.

మీ పాలసీ కాగితాలు తీసి మినహాయింపుల్లో 05 కోడ్ చూడండి. ‘రెస్ట్ క్యూర్, రిహాబిలిటేషన్, రెస్పైట్ కేర్’ అని ఉంటుంది. స్నానం, బట్టలు, నడక వంటి వాటికి సాయం ఇంట్లో చేసినా నర్సింగ్ కేంద్రంలో చేసినా, నర్సు చేసినా మామూలు మనిషి చేసినా డబ్బు రాదని దాని సారాంశం. ఇది ఏదో ఒక కంపెనీ పెట్టుకున్న షరతు కాదు, బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ ఖరారు చేసిన ప్రామాణిక వాక్యం. 70 ఏళ్లు దాటినవారికి 2024 అక్టోబరు నుంచి ఆయుష్మాన్ భారత్ కింద ఇస్తున్న 5 లక్షల కవర్ కూడా ఆసుపత్రి వైద్యానికే. అమెరికాలో అమ్మే లాంగ్ టర్మ్ కేర్ పాలసీల్లాంటివి మన దగ్గర దాదాపు లేనట్టే.

అంటే సేవకు పొదుపే ఆధారం. నెలకు 25 వేలు అనుకుంటే ఐదేళ్లకు 15 లక్షలు. పోస్టాఫీసు సీనియర్ సిటిజన్ స్కీమ్‌లో గరిష్ఠంగా 30 లక్షలు వేస్తే, 8.2 శాతం లెక్కన మూడు నెలలకోసారి 61,500 వస్తుంది. నెలకు 20,500. అదీ చాలదు, అసలు కొంత తీయాల్సి రావచ్చు. గడువుకు ముందే తీస్తే కోత ఉంటుంది కాబట్టి మొత్తం అందులోనే వేయకండి, ఏడాది ఖర్చు చేతికందేలా ఉంచుకోండి.

అలాగని హెల్త్ పాలసీ మానేయొద్దు. ఒక్క ఐసీయూ బిల్లు చాలు, దాచిందంతా ఊడ్చుకుపోతుంది. పొదుపుకు అది కాపలా అనుకోండి. యాభైల్లో ఉన్నవారు క్రిటికల్ ఇల్‌నెస్ పాలసీ కూడా చూడొచ్చు. పక్షవాతం లక్షణాలు సాధారణంగా మూడు నెలలు దాటినా తగ్గలేదని తేలితే ఒకేసారి మొత్తం ఇస్తారు. దాన్ని ఆయాకు ఇచ్చుకున్నా అడిగేవారు లేరు.

డబ్బుండీ తీయలేని ఇళ్లు కూడా ఉంటాయి. ఖాతా పెద్దాయన ఒక్కరి పేరునే ఉంటుంది, ఆయన చెయ్యి కదలదు. నామినీ ఉన్నారు కదా అంటారు. నామినీకి హక్కు వచ్చేది మనిషి పోయాకే. ఆరోగ్యంగా ఉండగానే సేవింగ్స్ ఖాతాను భార్య పేరుతోనో, నమ్మకమైన బిడ్డ పేరుతోనో ‘ఈదర్ ఆర్ సర్వైవర్’గా మార్పించండి. అప్పటికే మంచాన పడి ఉంటే, చేతి వేలిముద్ర లేదా కాలి వేలిముద్రతోనైనా డబ్బు తీసుకునే వీలు రిజర్వ్ బ్యాంకు కల్పించింది. బ్యాంకుకు తెలిసిన ఇద్దరు సాక్షులు ఉండాలి, వారిలో ఒకరు బ్యాంకు అధికారి అయి ఉండాలి. కౌంటర్ దగ్గర కుదరదంటే మేనేజర్‌ను కలిసి ఈ సంగతి అడగండి.