పాత సైనిక పతకాల మదింపు: రష్యా పతకాలు, సూర్యాపేట దారిలోని పతకాలు

పతకం అసలుదా, ఏ స్థితిలో ఉంది, ఎవరికి ఎందుకు ఇచ్చారు అన్న ప్రశ్నలకు ఆధారాలతో జవాబు రాబట్టడాన్ని పతకం మదింపు అంటారు. ధర ఆ తర్వాతి మాట. ఈ విద్య బాగా పదునెక్కింది రష్యా పతకాల దగ్గర. వాటిలో చాలావాటి మీద వరుస సంఖ్య ఉంటుంది, సంఖ్య పట్టుకుని వెళితే మనిషి దొరుకుతాడు. సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ వైపు ఇళ్ళలో ఉండగలిగినవి బ్రిటిష్ ఇండియా కాలపు పతకాలు, స్వాతంత్ర్యం తర్వాతివి. వీటిలో సంఖ్య చేసే పనిని అంచు మీద చెక్కిన పేరు చేస్తుంది. చూసే పద్ధతి మాత్రం ఒకటే.

రష్యాలో రెండవ కేథరిన్ 1769లో సెయింట్ జార్జ్ ఆర్డర్‌ను నెలకొల్పింది. అది అధికారులకు. మామూలు సిపాయిల కోసం మొదటి అలెగ్జాండర్ 1807లో ఒక శిలువ పతకం పెట్టాడు. 1856లో దాన్ని నాలుగు తరగతులు చేశారు: పై రెండూ బంగారం, కింది రెండూ వెండి. మొదటి ప్రపంచ యుద్ధంలో పతకాలు లక్షల్లో ఇవ్వాల్సి వచ్చి బంగారం పాలు తగ్గింది. 1917 నాటికి చౌక లోహంతోనే చేసి, పసుపు లోహమో తెల్ల లోహమో తెలిపే అక్షరాలు కొట్టారు. కాబట్టి 1917 నాటి శిలువలో బంగారం లేకపోతే అది నకిలీ అయిపోదు. ఆ అక్షరాలున్న దాని మీద తొలి యుద్ధాల నాటి సంఖ్య కనబడితేనే అనుమానించాలి. పాత రష్యా ముద్రల్లో వెండికి 84, బంగారానికి 56 అంకెలు ఎక్కువగా కనిపిస్తాయి. మన కొలతలో అవి వెయ్యికి 875, 583 పాళ్ళు.

సోవియట్ కాలానికి వస్తే, 1930 ఏప్రిల్ 6న మొదలైన రెడ్ స్టార్ ఆర్డర్‌ను వెండి మీద ఎర్ర ఎనామిల్‌తో చేశారు. వెనుక మర, టంకశాల ముద్ర, వరుస సంఖ్య ఉంటాయి. ఆ సంఖ్య, ఆర్డర్‌తోపాటు ఇచ్చిన పుస్తకంలోని సంఖ్యతో కలిస్తే విలువ ఒక్కసారిగా పెరుగుతుంది. 1944లో ఇద్దరు భారతీయ సైనికులకు, సుబేదార్ నారాయణరావు నిక్కంకు, హవల్దార్ గజేంద్ర సింగ్‌కు ఈ ఆర్డర్ ఇచ్చారు. ఇరాన్ మీదుగా సోవియట్ సేనలకు సరుకులు చేరవేసినందుకు దక్కిన గౌరవం అది. తెలుగు ఇళ్ళలో రష్యా వస్తువంటూ ఏదైనా కనబడితే, అక్కడ చదువుకున్నవాళ్ళో, పర్యటనకు వెళ్ళినవాళ్ళో తెచ్చిన లెనిన్ బ్యాడ్జి అయ్యే అవకాశమే ఎక్కువ. లెనిన్ బొమ్మ ఉన్నంత మాత్రాన అది లెనిన్ ఆర్డర్ అయిపోదు. అసలు ఆర్డర్‌లో 1936 నుంచి లెనిన్ ముఖాన్ని ప్లాటినంతో చేశారు. లెనిన్ శత జయంతికి సోవియట్ ప్రభుత్వం ఇచ్చిన పతకాలైతే కోటికి పైగా ఉన్నాయి.

ఇక మన దారి. 1948 సెప్టెంబర్ 13న విజయవాడ వైపు నుంచి కదిలిన భారత సేన ఆ పొద్దుటే కోదాడ చేరింది, మధ్యాహ్నానికి మునగాల దాకా వచ్చింది. మర్నాడు సూర్యాపేట. వెనక్కి తగ్గుతూ నిజాం సేన మూసీ వంతెనను పాడుచేసింది. నిజాం సంస్థానం మీది ఈ సైనిక చర్యను భారత ప్రభుత్వం పోలీసు చర్య అంది. ఆ 13వ తేదీన నల్దుర్గ్ దగ్గర హవల్దార్ బచిత్తర్ సింగ్, తుంగభద్ర రైలు వంతెన దగ్గర నాయక్ నర్ బహదూర్ థాపా చూపిన సాహసానికి 1952లో నెలకొల్పిన అశోక చక్ర మొదటి తరగతి దక్కింది. శత్రువుతో ముఖాముఖి యుద్ధం కాని సాహసానికి ఇచ్చే వరస అది. కనుక ఎవరైనా ఒక వీర చక్ర చూపి ఇది సూర్యాపేట పోరులో వచ్చిందంటే, పతకం కంటే ముందు గెజిట్ చూడాలి.

అంతకు ముందు తరం నిజాం సంస్థానపు సైనికులది. హైదరాబాద్ లాన్సర్లు మొదటి ప్రపంచ యుద్ధంలో సూయెజ్, పాలస్తీనా రంగాల్లో పనిచేశారు. ఢిల్లీ తీన్ మూర్తి దగ్గరి మూడు విగ్రహాలు హైదరాబాద్, మైసూరు, జోధ్‌పూర్ లాన్సర్లకు గుర్తు. ఆ యుద్ధానికి ఇచ్చిన బ్రిటిష్ వార్ మెడల్ 36 మిల్లీమీటర్ల వెండి బిళ్ళ. అంచు మీద సైనికుడి నంబరు, హోదా, పేరు, దళం ఉంటాయి. కూలీ దళాల వాళ్ళకు ఇదే పతకం కంచుతో ఇచ్చారు. కంచువి అరుదు, అందుకే సేకర్తలు వెండి దానికంటే కంచుదానికే ఎక్కువ పెడతారు. తూకం చూసి బేరమాడే వ్యాపారికి ఈ సంగతి తెలియదు. 1980 ప్రాంతంలో వెండి ధర పెరిగినప్పుడు ఈ వెండి పతకాలు ఎన్నో మూసలోకి పోయాయి. వాటితోపాటు పోయిన పేర్లు తిరిగి రావు.

అంచును భూతద్దంతో చూడాలి. పాత పేరు అరగదీసి కొత్తది చెక్కిన పతకం వ్యాసం కొంచెం తగ్గుతుంది, వెర్నియర్ కాలిపర్‌కు దొరుకుతుంది. పోత పోసిన నకిలీ కూడా అసలు కంటే ఒక పిసరు చిన్నగానే ఉంటుంది, కరిగిన లోహం చల్లారేటప్పుడు కుంచించుకుపోతుంది గనుక. దాని అక్షరాల అంచులు మొద్దుగా, ఉపరితలం సన్నని గుంటలతో ఉంటాయి. ఎనామిల్ పెచ్చు ఊడితే విలువ బాగా పడిపోతుంది. ఊడిన చోట రెసిన్ నింపి దాస్తారు. దానిలో గాలి బుడగలు కనిపిస్తాయి, అసలు ఎనామిల్ గాజులా గట్టిగా ఉంటుంది. రిబ్బన్ మీద అతినీలలోహిత దీపం వేస్తే కొత్త దారం వెలుగుతుంది, పాత పట్టు, నూలు ఆ తీరుగా వెలగవు.

మన ఇళ్ళలో పతకాలకు పెద్ద నష్టం జరిగేది చింతపండు, విభూతి వల్ల. వెండి కంచాలు తోమినట్టు పతకాన్ని తోమితే ఏళ్ళ తరబడి పట్టిన నల్లని పొర, దాంతోపాటు పేరులోని సన్నని గీతలు పోతాయి. నలుపు మురికి అనుకోవద్దు. అది కాలం వేసిన పొర, దాని కింద లోహం భద్రంగా ఉంటుంది. బంగారపు పతకాన్ని గీటురాయి మీద గీయించడమూ తప్పే. గీయకుండా లోహం చెప్పే యంత్రాలు ఇప్పుడున్నాయి. ఆమ్లంలేని కాగితంలో చుట్టి, తేమ తగలని చోట, పతకంతో వచ్చిన ఉత్తరాలు, డిశ్చార్జి పుస్తకం, ఫొటో కలిపి ఉంచడం మంచిది. ఆ కాగితాలు పోతే విలువలో పెద్ద భాగం పోయినట్టే.

మన దారిలోని ఇటీవలి పతకానికి వస్తే, సూర్యాపేటకు చెందిన కల్నల్ బిక్కుమళ్ళ సంతోష్ బాబు 16 బిహార్ దళానికి నాయకత్వం వహిస్తూ 2020 జూన్ 15న గల్వాన్‌లో అమరుడయ్యాడు. మరణానంతరం ఆయనకు మహావీర చక్ర ప్రకటించారు. 2021 నవంబర్‌లో రాష్ట్రపతి చేతుల మీదుగా దాన్ని కుటుంబం అందుకుంది. వెండి బిళ్ళ, మధ్యలో ఐదు కోణాల నక్షత్రం, సగం తెలుపు సగం నారింజ రంగు రిబ్బన్ దాని గుర్తులు. ఇలాంటి పతకానికి ధర కట్టే మాటే రాకూడదు. గుర్తులు తెలుసుకోవడం నకిలీ పట్టుకోవడానికి, అసలును కాపాడుకోవడానికి.

చట్టం సంగతీ చూసుకోవాలి. 1972 నాటి భారత పురావస్తు చట్టం కింద వందేళ్ళు దాటిన వస్తువును అనుమతి లేకుండా దేశం దాటించకూడదు, దాని వ్యాపారానికి లైసెన్సు కావాలి. రష్యాలో సోవియట్, ప్రస్తుత ప్రభుత్వ పతకాలను కొనడం, అమ్మడం శిక్షాస్మృతిలోని 324వ అధికరణం కింద నేరం. జార్ల కాలపు పతకాలు ఆ నిషేధం కిందికి రావు.