నందకంలో దిగినాం

తిరుమలకు పోయొచ్చిన వాళ్ళను మా అవ్వ మొదట దర్శనం ఎట్లా జరిగిందని అడగదు. "యాడ దిగినారు నాయనా?" అంటుంది. పోయినసారి "నందకంలో" అన్నాను. నందకమంటే ఏందని అడిగింది. విష్ణుమూర్తి కత్తి, అన్నమయ్య ఆ కత్తి అంశతోనే పుట్టాడంటారు అని చెప్పాను. "అయితే రాత్రంతా కత్తిలో పండుకున్నారా!" అని నవ్వింది.

కొండ మీద 7,000కు పైగా గదులున్నాయి. సాఫ్ట్‌వేర్ పనిలో పేరు పెట్టడం ఎంత కష్టమో రోజూ చూస్తుంటాను కాబట్టి, ఇన్ని గదులకు, ఇన్ని భవనాలకు ఏ కాలంలో ఏ లెక్కన పేర్లు పెట్టారా అని కుతూహలం పుట్టింది. చూస్తే, ఆ పేర్లలో తిరుమల చరిత్ర పొరలు పొరలుగా కనిపించింది.

కొన్ని పేర్లు నేలవి. శంఖుమిట్ట కాటేజీలు, ఆళ్వార్ ట్యాంక్ కాటేజీలు అలాంటివే. అక్కడున్న మిట్టో, చెరువో పేరై కూచుంది. గుడికి దగ్గరలో ఉన్న రాంబగీచాది ఇంకో కథ. బగీచా మన మాట కాదు, ఉత్తరాది మాట. 1843లో ఈస్టిండియా కంపెనీ గుడి పెత్తనాన్ని హథీరాంజీ మఠం మహంతు సేవాదాసుకు అప్పగించింది. 1933లో దేవస్థానం కమిటీ వచ్చేదాకా, అంటే 90 ఏళ్ళు, కొండ ఆ మఠం చేతిలోనే ఉంది. రాంబగీచా అనే మాట వింటే నాకు ఆ 90 ఏళ్ళే గుర్తొస్తాయి.

ఆ తర్వాతి పొర ఏడుకొండలది: గరుడాద్రి నగర్, అంజనాద్రి నగర్. దాని మీద పురాణాల పొర: పాంచజన్యం, కౌస్తుభం, నందకం, వకుళమాత. శంఖం, మణి, కత్తి, పెంచిన తల్లి. అందమైన పేర్లే, కానీ జీపు డ్రైవర్‌కు అంత తీరిక లేదు. గరుడాద్రి నగర్ కాటేజీలు జీఎన్‌సీ అయ్యాయి, అంజనాద్రివి ఏఎన్‌సీ, శంఖుమిట్టవి ఎస్‌ఎంసీ. గరుత్మంతుడు మూడక్షరాల కోడ్‌గా మారిపోయాడు.

ఇవి కాక దాతల పేర్లున్నాయి. సొంత డబ్బుతో విశ్రాంతి భవనం కట్టించి దేవస్థానానికి ఇచ్చినవాళ్ళకు ఏడాదిలో కొన్ని రోజులు అక్కడ ఉండే హక్కుంటుంది. భవనం మీద ఇంటిపేరో, కంపెనీ పేరో ఉండేది. కొండ మీద ఈ పేర్లేంటని విమర్శలొచ్చాయి. 2025లో దేవస్థానం పాలకమండలి ఇలాంటి 40కి పైగా భవనాల పేర్లు తీసి ఆధ్యాత్మికమైన పేర్లు పెట్టే నిర్ణయం తీసుకుంది.

మొదట నాకు సబబే అనిపించింది. దేవుడి కొండ మీద కంపెనీ బోర్డు ఎవరికి బాగుంటుంది? కానీ ఆ గుడి గోడలే ఇంకో మాట చెబుతున్నాయి. అక్కడ దొరికిన వెయ్యికి పైగా శాసనాలను దేవస్థానమే 1930ల్లో సంపుటాలుగా అచ్చువేయించింది. చాలావరకు అవి దాతల లెక్కలే. ఎవరిచ్చారు, ఏ ఊరి ఆదాయం ఇచ్చారు, ఎంత బియ్యం, ఎంత నెయ్యి, ఏ పండుగకు అన్నీ ఉంటాయి. నైవేద్యంలో నాలుగో వంతు దాతదని కూడా రాసుకున్నారు. ఇప్పటి దాతలకు ఏడాదిలో కొన్ని రోజులు ఇచ్చే పద్ధతికి ఇది తాతలాంటిది.

10వ శతాబ్దంలో పల్లవ సామంతుడి భార్య సామవాయి ఒక వెండి విగ్రహం ఇచ్చి, దాని కోసం భూములు రాసింది. ఆ విగ్రహమే భోగ శ్రీనివాసుడు. సాధారణంగా రాత్రి ఏకాంత సేవలో పడుకోబెట్టేది ఆయన్నే. విగ్రహానికి సామవాయి పేరు లేదు. కానీ గోడ మీద ఆమె పేరుంది కాబట్టే వెయ్యేళ్ళ తర్వాత నేనిక్కడ రాయగలుగుతున్నాను. 15వ శతాబ్దంలో సాళువ నరసింహుడు యాత్రికులకు అన్నం పెట్టే రామానుజకూటాలు పెట్టించాడు. వాటికి తన పేరు పెట్టుకోలేదు, ఆచార్యుడి పేరు పెట్టాడు. తన పేరు మాత్రం శాసనంలో ఉంది. అందరూ ఇంత ఒద్దికగా ఉన్నారని కాదు. శ్రీకృష్ణదేవరాయలు, ఇద్దరు రాణుల విగ్రహాలు చేతులు జోడించి నిలబడి ఉంటాయి గానీ, భుజాల మీద ఎవరి పేరు వాళ్ళకు చెక్కి ఉంటుంది.

అంటే పాతవాళ్ళ దగ్గర రెండు చోట్లున్నాయి. పిలిచే పేరుకు ఒక చోటు, లెక్క చెప్పే పేరుకు ఇంకో చోటు. మన కాలంలో రెండూ ఒకే బోర్డు మీదికి తెచ్చాం. దాంతో దాత పేరు ప్రకటనలాగా కనిపించింది. ఇప్పుడు ఆ బోర్డు తీసేస్తే పోయేది ప్రకటన ఒక్కటే కాదు, లెక్క కూడా.

మా అవ్వా తాతా చాలా ఏళ్ళ కిందట ఒక దాత కాటేజీలో దిగారట. రాత్రి వాన, చంకలో మా నాన్న. అవ్వకు ఆ గది నంబరు గుర్తులేదు, కట్టించినాయన పేరు మాత్రం ఇప్పటికీ చెబుతుంది. "ఎవురో మనకు తెలీదు. ఆయన పేరు తల్చుకోని పండుకున్నాం" అంటుంది.

తలుపు మీద దేవుడి పేరే ఉండనీ. లోపల స్విచ్‌బోర్డు పక్కన ఒక చిన్న రాయి చాలు: ఎవరు కట్టించారు, ఏ సంవత్సరం, ఎన్ని గదులు. వానలో తడిసొచ్చిన వాళ్ళకు ఎవరిని తల్చుకోవాలో తెలుస్తుంది.